కుదువ సొమ్ము

బ్యాంకులో బంగారం కుదువ పెట్టుకునేటప్పుడు మాకొక పద్ధతి ఉంది. నగను ఖాతాదారు కళ్లముందే తూచాలి, గీటురాయి మీద గీసి చూడాలి, విలువ ఎంతో చెప్పాలి. ముప్పై ఏళ్ల నౌకరీలో ఆ పద్ధతి తప్పలేదు. తప్పింది ఒక్కసారే, అదీ బ్యాంకు బయట, ఒక పూలజాడీ దగ్గర.

అమెరికా జాడీల పిచ్చి నాకు బెంగళూరు అవెన్యూ రోడ్డులో కొన్న ఒక పాత పుస్తకంతో పట్టింది. ఒహాయో రాష్ట్రంలో జేన్స్‌విల్ అనే ఊరి చుట్టుపక్కల మంచి బంకమన్ను దొరుకుతుంది. ఆ మన్నును నమ్ముకుని వెల్లర్, రోజ్‌విల్ వంటి కంపెనీలు బతికాయి. మన గనుల్లాగే అవీ మూతబడ్డాయి. వెల్లర్ 1948లో, రోజ్‌విల్ 1954లో. రోజ్‌విల్ వారి 'పైన్ కోన్' రకానికి రూపం ఇచ్చినవాడు ఫ్రాంక్ ఫెరెల్. పిడి ఉండాల్సిన చోట చెట్టుకొమ్మ, సూదుల్లాంటి ఆకులు, పక్కన పైన్ కాయ. అడుగున ఉబ్బెత్తు అక్షరాల్లో 'రోజ్‌విల్ యు.ఎస్.ఎ.', రకం నంబరు, ఎత్తు అంగుళాల్లో. తర్వాత వచ్చిన నకళ్లలో చాలావాటికి 'యు.ఎస్.ఎ.' ఉండదు.

2001 ఫిబ్రవరి 28న కె.జి.ఎఫ్. గనులు మూతబడ్డాయి. ఆ వేసవిలో ఏ లైను ఇంటి ముందు చూసినా అమ్మకానికి పెట్టిన సామానే. చాంపియన్ రీఫ్‌లో ఒక ముసలాయన గడప పక్కన ఆకుపచ్చ జాడీ, అందులో ఊదుబత్తీలు.

"మా నాయన దొర బంగళాలో తోటపని చేసినాడు సార్. పోతా పోతా దొరసాని ఇచ్చిందంట."

తిప్పి చూశాను. అక్షరాలన్నీ ఉన్నాయి. అంచు ఎక్కడా పెచ్చు లేవలేదు.

"ఎంతకిస్తారు?"

"మీరే చూసి ఇయ్యండి సార్. బ్యాంకాయన గదా మీరు."

యాభై రూపాయలిచ్చాను. ఆయన దండం పెట్టాడు.

మర్నాడు బ్యాంకులో ఒకామె తాళిగుండ్లు తీసి బల్ల మీద పెట్టి, "సరిగ్గా చూడండి సార్" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. నెల తిరక్కముందే డబ్బు తీసుకుని వెళ్లాను. ఇంటికి తాళం. "కొడుకు దగ్గరికి బెంగళూరు పోయినారు" అన్నారు పక్కింటివాళ్లు. పొద్దున్నే మారికుప్పం రైల్లో బెంగళూరు పనులకు పోయేవాళ్లను చాలామందిని అడిగాను. ఎవరూ తెలుసనలేదు.

ఆ తర్వాత ఏది కొన్నా ముందు విలువ చెప్పి, ఆ పైన బేరం మాట్లాడుతున్నాను. విలువ వినగానే అమ్మేది లేదని వస్తువును లోపలికి తీసుకుపోయినవాళ్లూ ఉన్నారు. అందుకే ఇన్నేళ్లకూ నా దగ్గర ఐదు జాడీలే ఉన్నాయి.

ఆకుపచ్చది ఆ లెక్కలో లేదు. బి.కాం. చదివినవాణ్ణి, ఏది ఆస్తో ఏది అప్పో తెలుసు. దాని అడుగున ఆయన ఇంటి నంబరు రాసి అతికించాను. దుమ్ము తుడిచినప్పుడల్లా ఆ చీటీ ఊడిపోలేదు కదా అని చూసుకుంటాను.