అగరొత్తి చూపిన దారి

మా విజయవాడ ఎండల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈసారి ఏప్రిల్లోనే ఆ వేడి మా అబ్బాయి కంప్యూటర్‌కి తగిలింది. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు చేసుకుంటుంటే ఉన్నట్టుండి ఆగిపోయేది. "ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటుతోందమ్మా" అని తల పట్టుకునేవాడు.

చీటీ డబ్బులతో నేను కొనిచ్చిన కంప్యూటర్ అది. మావారికి మొదటినుంచీ ఇష్టం లేదు. "ఆటల కోసం కొనిపించుకున్నావుగా, అనుభవించు" అనేశారు. అంతే, తండ్రీకొడుకులకి నాలుగు రోజులు మాటల్లేవు.

వాడే ముందువైపుకి రెండు ఫ్యాన్లు తెచ్చి బిగించాడు. వెనక ఒకటి, పైన ఒకటి ముందే ఉన్నాయి. మోత పెరిగింది, వేడి తగ్గలేదు.

ఆ రాత్రి మజ్జిగ ఇవ్వడానికి వెళ్తే, పెట్టె ముందునుంచి నా చేతికి వేడిగాలి కొట్టింది. తెలుగు బి.ఏ. చదివిన నాకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసు? కానీ వంటిల్లు తెలుసు. తలుపూ కిటికీ మూసేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పోపు ఘాటు ఎక్కడికీ పోదు. బయటికి పోవాలంటే, ఎటునుంచో లోపలికి గాలి రావాలిగా!

అగరొత్తి వెలిగించి తెచ్చాను. నుసి లోపల పడకుండా కాస్త దూరంగానే పట్టుకున్నాను. ముందు పెడితే పొగని తోసేసింది. వెనకా అంతే, పైనా అంతే. నాలుగు ఫ్యాన్లూ బయటికే ఊదుతున్నాయి!

వాడు నాలుక్కరుచుకున్నాడు. ఫ్యాన్‌కి రెక్కలు బాగా కనబడే వైపు గాలి పీలుస్తుందట, మోటారుని పట్టుకునే బద్దలున్న వైపు వదులుతుందట. రంగుల లైట్లు అద్దంలోంచి కనబడాలని ముందువి తిప్పి బిగించాడు.

"ఈ వేళప్పుడు పూజేమిటి?" అంటూ మావారు లేచొచ్చారు. సంగతి విని మాట్లాడకుండా టార్చిలైటు పట్టుకున్నారు. ప్లగ్గు పీకి విప్పడం మొదలుపెట్టాం. "వాణ్ణి కింది స్క్రూ ముందు తియ్యమను." "లైటు కొంచెం ఎడమకి పెట్టమనమ్మా." మధ్యలో నేనే టెలిఫోను.

ముందు రెండూ చల్లగాలి లోపలికి తెచ్చేలా తిప్పాం. వేడిగాలి పైకే లేస్తుంది కాబట్టి వెనకదీ పైదీ బయటికే ఉంచాం. దారికి అడ్డొచ్చే వైర్లు ఓ పక్కకి కట్టి, ముందున్న జాలీ దుమ్ము దులిపి, గోడకి ఆనించిన పెట్టెని జానెడు ముందుకి జరిపాం. అదే పని పెడితే ఈసారి 80 దాటలేదు.

పొద్దున కాఫీ తాగుతూ, పేపర్లోంచి తలెత్తకుండానే అడిగారు మావారు:

"రాత్రి మళ్ళీ ఆగిందేంట్రా?"

"లేదు నాన్నా."

నేను పోపు వేస్తూ వంటింటి కిటికీ బార్లా తెరిచాను.