ఇత్తడి ఇంజన్లు, గొట్టాల దారులు

నమూనా రైళ్లలో ఇత్తడి ఆవిరి ఇంజన్లది చేతిపని వారసత్వం. పలుచని ఇత్తడి రేకును కోసి, బాయిలర్‌గా చుట్టి, పొగగొట్టం, డోములు, డ్రైవర్ క్యాబు ఒక్కొక్కటే టంకంతో అతికి వీటిని తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌లోని చిన్న పనిశాలలు ఈ పనికి పూనుకున్నాయి. టోక్యో గింజాలో గడియారాలు, నగలు అమ్మే తెన్షోదో దుకాణం, కట్సుమి సంస్థ ఈ రంగంలో పేరు తెచ్చుకున్నాయి. పసిఫిక్ ఫాస్ట్ మెయిల్ లాంటి దిగుమతిదారులు వీటిని అమెరికాకు తెప్పించి అమ్మారు. అందుకే వీటిలో ఎక్కువ భాగం అమెరికన్ రైల్వేల ఇంజన్లే. 1970ల చివరి నుంచి తయారీ క్రమంగా కొరియాకు తరలింది.

ఎక్కువమంది ఎంచుకునే కొలత హెచ్‌ఓ. ఇందులో అసలు ఇంజన్‌లోని ఒక అడుగు 3.5 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే నమూనా అసలులో సుమారు 87వ వంతు. అంగుళం 0.29 మిల్లీమీటరుకు కుదించుకుపోతుంది. 1950, 60లలో వచ్చిన నమూనాల్లో బాయిలర్, చక్రాల కొలతలు తరచు నమ్మదగినవే. వివరాల దగ్గరే లోటు. గాలి పంపు ఒక ముద్దలా ఉంటుంది, గొట్టాలు నాలుగైదుకు మించవు, మోటారు గోల చేస్తుంది. అస్థిపంజరం మంచిది కాబట్టి దాని మీద మిగతాదంతా కట్టవచ్చు. పాత నమూనాకు వివరాలు చేర్చి కొత్తగా తీర్చే పునర్నిర్మాణానికి ఇలాంటివే తగినవి. పెట్టె కూడా చెదరని అరుదైన నమూనా దొరికితే దాన్ని అలాగే ఉంచడం మేలు. అది ఆనాటి పనివాళ్ల చేతికి సాక్ష్యం.

పని మొదలయ్యేది పనిబల్ల దగ్గర కాదు, ఫొటోల దగ్గర. ఎందుకో తెలియాలంటే మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఒక ఇంజన్ కథ చూడాలి. అప్పట్లో అమెరికా ప్రభుత్వం రైల్వేలను తన అధీనంలోకి తీసుకుని, అన్ని కంపెనీలకూ పనికొచ్చే ప్రామాణిక ఇంజన్లు రూపొందించింది. వాటిలో తేలికరకం మికాడోకు ముందు రెండు, నడుమ ఎనిమిది, వెనక రెండు చక్రాలు. మొదటిదాన్ని 1918 జులైలో బాల్డ్విన్ కంపెనీ బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వేకి కట్టి ఇచ్చింది. ఆ 4500 నంబరు ఇంజన్ ఇప్పటికీ బాల్టిమోర్ మ్యూజియంలో ఉంది. అదే రూపకల్పనతో 625 ఇంజన్లు తయారై అనేక రైల్వేలకు వెళ్లాయి. పుట్టుకలో ఒకే పోలిక, కానీ పదిహేను ఇరవై ఏళ్లు గడిచేసరికి ఏ రెండూ ఒకలా మిగల్లేదు. ఒక వర్క్‌షాపు హెడ్‌లైటును కిందికి దించింది, మరొకటి గంటను ముందుకు జరిపింది, ఇంకొకటి వెనక బొగ్గు, నీరు మోసే టెండర్‌నే మార్చేసింది. నీటిని బాయిలర్‌లోకి పంపేముందు వేడిచేసే హీటర్‌ను కొన్ని రైల్వేలు అమర్చుకున్నాయి. ఎలెస్కో రకమైతే పొగగొట్టం ముందు అడ్డంగా పెద్ద స్తంభంలా కనిపిస్తుంది, వర్తింగ్టన్ రకమైతే బాయిలర్ పక్కన ఉంటుంది.

కాబట్టి ‘ఒక మికాడో’ చేద్దాం అనుకుంటే సరిపోదు. ఏ రైల్వే, ఏ నంబరు, ఏ సంవత్సరం అన్నది ముందే తేలాలి. రెండు పక్కల ఫొటోలూ కావాలి. డ్రైవర్ కూర్చునే కుడి పక్కకు, ఫైర్‌మన్ ఉండే ఎడమ పక్కకు పోలికే ఉండదు. 1925 నాటి ఫొటో చూసి కుడి పక్క, 1945 నాటిది చూసి ఎడమ పక్క చేస్తే, ఎన్నడూ పట్టాల మీద నడవని ఇంజన్ తయారవుతుంది.

తర్వాతి వంతు యంత్రానిది. పైన వివరాలు అతికాక మోటారు మార్చబోతే సున్నితమైన పనంతా చెడుతుంది, అందుకే ఇది ముందు. పాత తెరిచిన మోటారును తీసి, చిన్న గుండ్రటి మూత మోటారును, కొత్త గేర్‌బాక్స్‌ను అమరుస్తారు. చక్రాల కోణం ఇక్కడ కీలకం. అసలు ఇంజన్‌లో ఎడమ, కుడి క్రాంకులు 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. ఒక పక్క పిస్టన్ చివరికొచ్చి బలం లేకుండా నిలిచినప్పుడు రెండో పక్కది తోయాలి మరి. నమూనాలో ఆ కోణం ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా పరవాలేదు, కానీ అన్ని ఇరుసుల మీదా ఒకేలా ఉండాలి. ఒక్క ఇరుసు తేడాగా ఉన్నా, చక్రాలను కలిపే రాడ్లు ప్రతి చుట్టుకూ ఒకచోట పట్టేస్తాయి. డిజిటల్ పద్ధతిలో నడపదలిస్తే మోటారును చట్రం నుంచి విద్యుత్తుపరంగా పూర్తిగా వేరుచేయాలి. పాత మోటార్లలో ఒక బ్రష్ చట్రానికే కలిసి ఉండేది. అలాగే వదిలేస్తే, మోటారుకు ఆదేశాలిచ్చే డీకోడర్ అనే చిప్పు కాలిపోతుంది.

ఇక గొట్టాలు. ఈ విద్యలో అసలు రుచి ఇక్కడే ఉంది. గాలి పంపు, ఇంజెక్టర్, హెడ్‌లైటు, కవాటాలు విడిభాగాలుగా దొరుకుతాయి. మైనంతో రూపం చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి ఆ ఖాళీలో ఇత్తడి పోసి వీటిని చేస్తారు. ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు పోసేదీ మైనం కరిగించే ఈ పద్ధతిలోనే. భాగాలు కొనుక్కోవచ్చు గానీ, వాటిని కలిపే దారులు చేసేవారికి తెలిసి ఉండాలి. క్యాబు ముందున్న ఆవిరి కూడలి నుంచి ఒక గొట్టం పంపుకు వెళ్తుంది. పంపు నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి, నడకబల్ల కింద పొడవాటి గొట్టాల్లో తిరిగి, చల్లబడి, తేమ వదిలి, ఆ తర్వాతే నిల్వతొట్టిలోకి చేరుతుంది. ఇంజెక్టర్‌కు పైనుంచి ఆవిరి, టెండర్ నుంచి నీరు అందాలి. అది తోసే నీరు బాయిలర్ ముందుభాగంలోని కవాటం దాకా వెళ్లాలి. ఇసుక డోము బాయిలర్ నెత్తిన ఉండేది ఇసుక ఆ వేడికి పొడిగా ఉండటానికి. దాని గొట్టాలు చక్రం పట్టాను తాకేచోటికి సరిగ్గా ముందు ముగియాలి. ఎక్కడో మొదలై ఎక్కడికీ చేరని గొట్టం ఎంత నున్నగా వంచినా అబద్ధమే. యంత్రం తెలిసినవారి కన్ను ముందు దాని మీదే పడుతుంది.

మందం విషయంలోనూ ఇంతే శ్రద్ధ కావాలి. రెండంగుళాల గొట్టం బయటి వ్యాసం నిజానికి 60 మిల్లీమీటర్లు, నమూనాలో 0.69. ఒక అంగుళం గొట్టమైతే 0.38. అన్నింటికీ ఒకే తీగ వాడితే ఇంజన్ మొహం మొద్దుబారుతుంది. తీగను కాస్త కాల్చి మెత్తబరిచి, ఫొటోలోని వంపుకు తగ్గట్టు వంచుతారు. 80వ నంబరు డ్రిల్ మందం 0.34 మిల్లీమీటరు. దాన్ని చేతిపిడికి బిగించి, వేళ్ల మధ్య తిప్పుతూ రంధ్రాలు వేస్తారు. పక్కకు కాస్త ఒత్తిడి పడినా అది విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది.

టంకం పెట్టడం అన్నిటికన్నా ఓర్పు కోరే పని. ఇత్తడి వేడిని ఇట్టే పాకిస్తుంది. కవాటం అతకబోతే పక్కనున్న గంట ఊడిపడుతుంది. దీనికి విరుగుడుగా రెసిస్టెన్స్ సోల్డరింగ్ వాడతారు. తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక తీగ నమూనాకు తగిలిస్తారు, రెండో తీగ కొసన ఉన్న కార్బన్ ములుకును అతుకు మీద ఆనిస్తారు. కాలితో మీట నొక్కగానే ఆ ఒక్కచోటే వేడి పుడుతుంది. కాలు తీశాక కూడా టంకం గట్టిపడేదాకా ములుకు కదల్చకూడదు. వేడిలో వరస కూడా ముఖ్యమే. బరువైన భాగాలకు ఎక్కువ వేడికి కరిగే టంకం, తర్వాత 183 డిగ్రీల తగరం–సీసం మిశ్రమం, చివరి చిన్న వివరాలకు ఇంకా తక్కువ వేడికి కరిగేది. పక్కనున్న అతుకుల మీద తడి కాగితం కప్పుతారు. పని ముగిశాక, టంకం పట్టడానికి రాసిన ఫ్లక్స్‌ను పూర్తిగా కడిగేయాలి, లేకపోతే రంగు కింద చిలుము పట్టి పైకి పొంగుతుంది.

రంగు గురించి చెప్పుకోవాల్సింది తక్కువే. ఉపరితలం జిడ్డు లేకుండా ఉండాలి, ప్రైమర్ పలుచగా పడాలి. నిక్కమైన నలుపు ఈ కొలతలో గొట్టాల నీడల్ని మింగేస్తుంది గనుక కాస్త బూడిదరంగు కలిపిన నలుపు వాడటం మంచిది.

రంగుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇంజన్‌ను వంపు పట్టాల మీద నడిపి చూస్తారు. కొత్తగా చేర్చిన బ్రేకు చెక్కలు చక్రాలకు, ముందు ట్రక్కు సిలిండర్లకు తగులుతాయేమో అప్పుడే తెలుస్తుంది. ఇంకో చిక్కు ఇంజన్‌కూ టెండర్‌కూ మధ్య ఉంటుంది. పాత ఇత్తడి నమూనాల్లో ఇంజన్ ఒంటికి ఒక పట్టా నుంచి, టెండర్‌కు రెండో పట్టా నుంచి కరెంటు వస్తుంది. ఆ రెండింటి మధ్య వేలాడే నీటిగొట్టాలు అటూ ఇటూ తాకితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అందుకని ఆ గొట్టాలను ఇంజన్‌కు మాత్రమే అతికి, రెండో కొసను గాలిలో వదులుతారు, లేదా వాటిని ప్లాస్టిక్‌తో చేస్తారు. రంగు పూత కరెంటును ఆపుతుందని నమ్మి ఊరుకోకూడదు. వంపుల్లో ఒరుసుకుని అది కొన్నాళ్లకే చెరిగిపోతుంది.