విలియంసుబర్గు తుపాకుల పనిశాల

మా అమ్మాయి కాపురముండు రిచిమండు పట్టణమునకు విలియంసుబర్గు సుమారు ఏబది మైళ్లు. 1699 మొదలు 1780 వఱకు వర్జీనియాకు ముఖ్యపట్టణమైన ఊరది. 1926 తరువాత పాత యిండ్లను పునరుద్ధరించి, కమ్మరము మొదలగు వృత్తులను నేటికిని పూర్వపురీతిని నడపుచున్నారు. పగటివేళ పెద్దవీధిలో మోటారులను రానీయరు గనుక నాబోటి మోకాళ్లనొప్పివారు చేతికఱ్ఱ మఱవరాదు.

అమ్మాయి గవర్నరుమేడను చూపగోరినది. నేను తుపాకుల పనిశాలయొద్దనే నిలిచిపోతిని. కారణము చెప్పెదను.

మా నాయనగారు చేనికడ పందులను బెదరించిన తుపాకి లైసెన్సుతో మా తమ్మునియొద్ద నున్నది. దాని మడమకొయ్య మూల విఱుగగా వడ్రంగి క్రొత్తముక్క నతికెను. అది తెల్లగా నగపడుచుండుటచే నేనే బజారురంగు పూసితిని. మిక్కిలి నల్లబడెను. దానిని సవరింపబోయి మడమనంతయు గరుకుకాగితముతో రుద్దితిని. నాయనగారి చెంప యానినచోట తేఱిన నిగనిగలాడు నలుపుకూడ పోయెను. తమ్ముడు ఒక్క మాటయు ననలేదు. అనియున్న బాగుండెడిది.

పనిశాలలోని కొయ్య మేపిల్ అను చెట్టుది; చెక్కినప్పుడు మీగడవలె తెల్లన. దానికి పూయునది రంగు కాదు, నత్రికామ్లములో ఇనుము కరగించిన ద్రావకము. మొదట కొయ్యను నీట తడిపి, లేచిన నూగును గీసివేసిరి. ద్రావకము పూసి ఆరనిచ్చి, ఎఱ్ఱగా కాల్చిన ఇనుపకమ్మీని కొయ్యకు తగులనీయక దగ్గఱగా నడిపిరి. కమ్మీ పోయినచోట్ల బూడిదవన్నె మా కన్నులయెదుటనే ఎఱ్ఱగోధుమవన్నె యయ్యెను. వంకరనారలు ఎక్కువ త్రాగి నల్లచారలై, తక్కినవి లేతగా నిలిచి, పులితోలువలె తోచెను. మిగిలిన ఆమ్లము మునుముందు కొయ్యను ఇంకను నల్లబఱచును గనుక క్షారజలముతో కడిగిరి. శ్రీకాళహస్తి కలంకారీవారు ఇనుపతుక్కును బెల్లపునీట నానవేసి, కరక్కాయ పట్టించిన గుడ్డపై నలుపు వ్రాయుట చూచియున్నాను. ఇచ్చటను పనిచేయునది ఇనుమే.

నా గొడవ పనివానితో చెప్పితిని. ఆయన నవ్వలేదు. “అతుకును కలుపవచ్చునమ్మా. వేఱొక చెక్కతునుకపై ముందు చూచుకొని, ఆ ముక్కకు మాత్రమే పలుచగా పలుమాఱులు పూయవలెను. తడిగుడ్డతో తుడిచినప్పుడు కనబడు వన్నెయే రేపు అవిసెనూనెతో కనబడును. చాలనిచో మరల పూయవచ్చును, ఎక్కువైన సన్నగా రుద్ది తగ్గింపవచ్చును. చెంప తగిలిన నలుపన్నచో, చెమటయు జిడ్డును ఏండ్లకొలది చేసినది, దానికి నాయొద్ద సీసా లేదు” అనెను. కొంతసేపటికి, “మడమకు తొడిగిన ఇనుపరేకు క్రింద కూడ రుద్దితిరా?” అని యడిగెను. లేదంటిని. “అయినచో అసలు కొయ్య అచ్చట నున్నది. గాలి వెలుతురు సోకనందున కొంచెము లేతగా నుండును, అంతే.”

ఆ రాత్రియే తమ్మునికి వ్రాసితిని: తుపాకిలో తూటా లేదని రూఢిచేసికొని, రేకు విప్పి, పగటివెలుగున ఫోటో తీసి పంపుమనియు, నేను వచ్చువఱకు కొయ్యకు నూనెబొట్టైనను తగులనీయవలదనియు.

మఱునాడే జవాబు వచ్చెను. ఫోటోలు రెండు. రెండవదాని క్రింద నిట్లున్నది: “అక్కా, తలక్రిందులు చేసి చూచితిని. గొట్టముక్రింద నీ కాగితము సోకలేదు. నాయనగారి యెడమచేయి పట్టినచోటు అట్లే నల్లగా నున్నది.”