యాడా ఆగకు బిడ్డా!

లాల్‌దర్వాజలో కారు నేర్చుకున్నవాళ్లకు ప్రపంచంలో ఎక్కడైనా నడిపేయగలమన్న పొగరు ఒకటి ఉంటుంది. నాకూ ఉండేది. పెళ్లయి ఇక్కడికొచ్చిన ఏడాదే స్టీరింగు పట్టుకున్నాను. ఒక పక్క ఆటో, ఇంకో పక్క పండ్ల బండి, ముందు ఒకే స్కూటరు మీద నలుగురు, వాళ్ల మధ్యలోంచి తనకేమీ పట్టనట్టు నడిచిపోయే ఓ మేక! షాలిబండ నుంచి చార్మినార్ దాకా ఉన్న ఆ కాస్త దూరంలో క్లచ్ మీంచి కాలు తీసే వీలుండదు. రంజాన్ రాత్రుళ్ల సంగతి సరేసరి. ఇక బోనాల రోజున మా వీధిలో కారు బయటికి తీసే సాహసం ఎవరూ చేయరు.

అలాంటి చోట ఆరేళ్లపాటు ఒక్క గీత పడకుండా (సరే, రెండు గీతలు) నడిపినదాన్ని. నాలుగు వరసల హైవే నాకో లెక్కా అనుకున్నాను.

మూడేళ్ల కిందట మే నెల. అనకాపల్లి నుంచి అమ్మ ఫోన్. నాన్న బాత్రూంలో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది, ఎల్లుండి ఆపరేషన్. వేసవి సెలవులు కదా, రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టు. విమానం టికెట్ ధర చూసి ఫోన్ పక్కన పెట్టేశాను. అయినా ఆసుపత్రికీ ఇంటికీ తిరగడానికి అక్కడ ఒక బండి ఉండాలి. మా ఆయనేమో ఆఫీసు పని మీద పుణెలో ఉన్నారు. కారులో నేనే వెళతానన్నాను. ఇంచుమించు ఆరు వందల కిలోమీటర్లు, ఒక్కదాన్నే!

అంతే, సలహాల వాన మొదలైంది. మా అత్తయ్య పచ్చడి సీసా కాగితంలో చుడుతూ, ‘‘యాడా ఆగకు బిడ్డా. ఎవలన్న చెయ్యెత్తినా ఆపకు. సక్కగ పో’’ అంది. అమ్మ ఫోన్లో, ‘‘ఎక్కడా ఆగకే తల్లీ, తిన్నగా వచ్చీ’’ అంది. అద్దం మీద కోడిగుడ్డు కొడతారట, అప్పుడు వైపర్ వేయకూడదట, వేస్తే తెల్లగా అలుక్కుపోయి ఏమీ కనపడదట... పక్కింటి పిన్నిగారు వాట్సప్‌లో వచ్చిన సందేశం చదివి మరీ వినిపించారు. ఆఫీసులో పెద్దాయన పెప్పర్ స్ప్రే కొనుక్కోమన్నారు. కొన్నాను కూడా.

దొంగల గురించి చెప్పారు, తాగుబోతుల గురించి చెప్పారు. ‘‘రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావ్?’’ అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

ఆ రాత్రి పేజీ పంపించి ఇంటికొచ్చేసరికి పదిన్నర. బట్టలు సర్దడం, నాన్న పాత రిపోర్టులు వెతకడం... పడక మీద వాలేసరికి పన్నెండు దాటింది. జలుబుగా ఉందని సెట్రిజిన్ మాత్ర ఒకటి వేసుకున్నాను. మూడింటికి అలారం. తెల్లవారకముందే బయల్దేరడం మనవాళ్లకు ఓ ఆచారం లాంటిది కదా! ఎండ ముదరకముందే సగం దూరం లాగేయొచ్చు, ట్రాఫిక్ ఉండదు, చీకటి పడకముందే చేరిపోవచ్చు. వినడానికి అంతా సబబుగానే ఉంటుంది. ఆ తెల్లవారుజామును నిద్రలోంచే కోసి తెచ్చుకుంటున్నామన్నది ఎవరికీ తట్టదు.

సంతోష్‌నగర్, చంపాపేట మీదుగా ఎల్బీనగర్ వచ్చేదాకా హుషారుగానే ఉన్నాను. హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటిపోయాయి. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర గేటు దానంతటదే లేచింది. ఫాస్టాగ్ రాకముందు అద్దం దించాలి, డబ్బులివ్వాలి, చిల్లర కోసం వాదులాడాలి. విసుగ్గా ఉండేది గానీ ఒక మనిషి ముఖం కనిపించేది, మాట వినిపించేది. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఆ పలకరింపు కూడా పోయింది.

టోల్‌ప్లాజా దాటాక మొదలైంది. నల్లటి రోడ్డు, తెల్లటి గీతలు, డివైడర్ మీద గన్నేరు మొక్కలు. మళ్లీ గీతలు, మళ్లీ గన్నేర్లు. ఓల్డ్‌సిటీలో నిద్ర రమ్మన్నా రాదు. అక్కడ ప్రతి గజానికీ ఏదో ఒకటి అడ్డొచ్చి మనల్ని లేపుతూ ఉంటుంది. ఇక్కడ లేపేదేమీ లేదు. రోడ్డు ఎంత బాగుంటే అంత జోల పాడుతుంది. ఆవలింతలు వచ్చాయి. ఏసీ పెంచాను. అద్దం దించాను. రేడియో గట్టిగా పెట్టాను. లవంగం నమిలాను. తొడ మీద గిల్లుకున్నాను. ప్రతిదీ రెండు నిమిషాలు పనిచేసినట్టే ఉండి, తర్వాత దాని మీదుగానే నిద్ర వచ్చేసింది.

చిట్యాల దగ్గర రోడ్డు పక్కన హోటల్ దీపాలు కనిపించాయి. ఆగుదామా అనిపించింది. ‘యాడా ఆగకు బిడ్డా’ అని చెవిలో అత్తయ్య గొంతు. ఒక్కదాన్నే, ఇంకా చీకటిగా ఉంది, లోపల ఎవరున్నారో ఏమో. ఆగలేదు.

నార్కట్‌పల్లి దాటినట్టు నాకు గుర్తు లేదు. ఇది రాసేటప్పుడు కూడా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. లేదు. అంత పెద్ద కూడలి నా జ్ఞాపకంలోంచి కత్తిరించేసినట్టు పోయింది. తర్వాత గుర్తున్నది ఒక లారీ హారన్. వెనక నుంచి, ఆపకుండా, తిట్టినట్టుగా. కళ్లు తెరిచేసరికి (తెరిచేసరికి అంటున్నాను చూడండి, అప్పటిదాకా మూసుకునే ఉన్నాయన్నమాట!) ఎడమవైపు చక్రాలు తారు దిగి కంకర మీద గరగరలాడుతున్నాయి. ఎదురుగా, వెనక దీపాల్లేకుండా ఆగి ఉన్న మరో లారీ. దాని వెనక రాసి ఉన్న నంబరు చదవగలిగినంత దగ్గరలో! స్టీరింగు కుడికి తిప్పాను. హారన్ కొట్టిన లారీ నాకు దారిచ్చి మెల్లగా పక్కనుంచి వెళ్లిపోయింది. ఆ డ్రైవర్ ముఖం చూడలేదు. ఇప్పటికీ ఎవరో తెలియదు.

చేతులు వణుకుతూనే కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దాకా వెళ్లి, గేటు దాటాక దీపం కింద ఆపాను. పక్కన టీకొట్టు. టీ పోసిచ్చిన ఆవిడ నా ముఖం చూసి, ‘‘ఒక్కదానివేనా బిడ్డా?’’ అంది. తలూపాను. ‘‘తలుపులు ఏస్కొని జరసేపు పండుకో. నేను సూస్త’’ అంది. ఇన్నిమంది సలహాల్లో నాకు కావలసింది ఆ ఒక్కటే. దారిలో ఎవరినీ నమ్మొద్దన్నారు. కానీ ఆ రోజు నన్ను కాపాడింది దారిలోని ఇద్దరు ముక్కూ మొహం తెలియనివాళ్లే. తలుపులు లాక్ చేసి, అద్దం వేలెడంత దించి, సీటు వాల్చి పడుకున్నాను. ఇరవై అయిదు నిమిషాలు. లేచేసరికి తూర్పు ఎర్రబడి, సూర్యాపేట వైపు రోడ్డు కొత్తగా కనిపించింది.

నాన్న ఆపరేషన్ బాగానే జరిగింది. ఆసుపత్రి వరండాలో కూర్చున్న రాత్రుళ్లు నిద్ర గురించి దొరికినవన్నీ చదివాను. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఇరవై ఎనిమిది మీటర్లు వెళతాం. నాలుగు సెకన్ల కునుకంటే నూటపది మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే! దీన్ని డాక్టర్లు మైక్రోస్లీప్ అంటారు. వచ్చిన సంగతి వచ్చినవాళ్లకే తెలియకపోవచ్చు. రాత్రి రెండు నుంచి ఆరు దాకా, మళ్లీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా శరీరం దానంతటదే మందగిస్తుందట. నేను సరిగ్గా మొదటిదాంట్లోనే బయల్దేరాను. పైగా మాత్ర వేసుకుని!

ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో ఒక సంగతి తేల్చారు. వరుసగా పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోతుందట. మన చట్టం ఒప్పుకునేది 0.03 శాతం. చుక్క ముట్టనివాళ్లం కూడా తాగినవాళ్లలా నడుపుతున్నామన్నమాట. గొట్టంలో ఊదిస్తే దొరకం, అంతే తేడా! ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో రేనర్, హార్న్ అనేవాళ్లు నా చిట్కాలను కూడా పరీక్షించి పెట్టారు. చల్లగాలి, రేడియో కాసేపు ఊరటనిస్తాయే తప్ప నిద్రను ఆపలేవని 1998లో రాశారు. వాళ్లు పనిచేస్తుందన్నది ఒకటుంది. కాఫీ తాగి వెంటనే పదిహేను నిమిషాలు కునుకు తీయడం. కాఫీ ఒంటికి పట్టడానికి ఇంచుమించు అరగంట పడుతుంది కాబట్టి, కునుకు తీసి లేచేసరికి అదీ అందుకుంటుంది. టోల్‌ప్లాజా దగ్గర ఆవిడ నాతో చేయించింది ఇదే. ఆవిడ ఏ పరిశోధనా చదవలేదు.

హైదరాబాద్ వచ్చాక కారు టైరు ఒక పక్క ఉబ్బినట్టు కనిపిస్తే చాంద్రాయణగుట్టలో మాకు తెలిసిన పంచర్ షాపుకి తీసుకెళ్లాను. ఆ చాచా ముప్ఫై ఏళ్లు వైజాగ్ లైన్‌లో లారీ నడిపిన మనిషి. టైరు మీద వేలితో తడిమి, ‘‘రోడ్డు దిగినవా బేటా?’’ అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయాను. అంతా విని, ఎన్ని గంటల్లో చేరావని అడగలేదు. ‘‘ఎన్ని జాగాలల్ల ఆగినవ్?’’ అన్నాడు.

‘‘ఒక్కచోటే చాచా.’’

ఆయన నవ్వలేదు. ‘‘మా లారీల క్లీనర్ ఉంటుండె. టైర్లు కొట్టి చూసుడు, గ్లాస్ తుడుసుడు సగం పని. మిగతా సగం బాత్ కర్నా. నేను జవాబ్ ఇయ్యకపోతె డోర్ మీద ధడాధడ్ కొడుతుండె. నీకు క్లీనర్ లేడు. మరి డోర్ ఎవరు కొట్టాలె?’’ అని, టైరు విప్పుతూ మళ్లీ తనే అన్నాడు. ‘‘ఇంజన్ గరమ్ అయితె సూది జెప్తది. నీ తలకాయకు సూది లేదు బేటా. అందుకే టైమ్ చూసి ఆగాలె, నిద్ర చూసి కాదు.’’

లారీ, బస్సు డ్రైవర్ల కోసం 1961లో వచ్చిన చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు గంటలకు మించకుండా ఒక అరగంట విరామం అని రాసింది. అది ఎంతవరకు అమలైందో చాచానే అడగాలి! సొంత కారులో వెళ్లేవాళ్లకు మాత్రం అలా చెప్పేవాళ్లు లేరు. ‘మేం తొమ్మిది గంటల్లో కొట్టేశాం’ అని గొప్పలు చెప్పే బావగార్లు, అన్నయ్యలు ఉన్నారు. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నందమూరి హరికృష్ణ గారు కావలిలో పెళ్లికని హైదరాబాద్ నుంచి స్వయంగా కారు నడుపుకుంటూ వెళ్లి, నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయన నిద్రపోయారని నేననడం లేదు. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. ఆ రోజు ఆ వార్త చదివి అయ్యో అనుకున్నాం. మన ప్రయాణాలు మాత్రం అదే వేళకు, అదే తొందరతో సాగిపోతూనే ఉన్నాయి.

చాచా మాట విన్నాక ఒక ఆదివారం హయత్‌నగర్‌లో ఆగాను. ఆ తెల్లవారుజామున నేను చూడకుండా దాటిపోయిన ఊరే. హయత్‌బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు. ఆవిడ పేరుతోనే ఉన్న మసీదు చుట్టూ కుతుబ్‌షాహీల కాలం నాటి సరాయి ఉంది. వందకు పైగా గదులు, పక్కనే పెద్ద బావి. గోల్కొండ నుంచి బందరు రేవుకు వెళ్లే బాటసారులు పశువుల్ని కట్టేసి, వండుకు తిని, పడుకుని వెళ్లేవారు. చార్మినార్ నుంచి ఇక్కడికి పట్టుమని ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. అప్పుడే ఒక మజిలీ! ఇప్పుడైతే మనం ఇంకా సీటు కూడా సర్దుకోం.

కిందటి దసరాకు మళ్లీ ఒక్కదాన్నే వెళ్లాను. ముందు రోజు సెలవు పెట్టి ఏడున్నర గంటలు పడుకున్నాను. ఆరు దాటాక, తెల్లగా వెలుతురొచ్చాకే తాళం తిప్పాను. నిద్ర వచ్చినా రాకున్నా రెండు గంటలకొకసారి ఆగాను. ఎక్కడపడితే అక్కడ కాదు. ఆడవాళ్లకు వేరే టాయిలెట్ ఉన్న పెట్రోలు బంకు, పదిమంది కూర్చున్న హోటలు, టోల్‌ప్లాజా. హైవే పక్క తెల్లగీత దాటి చీకట్లో ఆపడం ఎంత ప్రమాదమో ఆ దీపాల్లేని లారీయే నేర్పింది. ఆగిన ప్రతిచోటా ఇంటికి లొకేషన్ పంపాను. హైవే సాయానికి 1033, ఏదైనా ఆపదొస్తే 112... రెండు నంబర్లూ కాగితం మీద రాసి అద్దం దగ్గర అంటించాను. ఫోన్ చార్జింగ్ అయిపోయినప్పుడు కనపడాలి కదా! మధ్యాహ్నం భోజనం చేశాక విజయవాడలో కజిన్ ఇంట్లో నాలుగు దాకా కదల్లేదు. రాత్రికి రాజమండ్రిలో పిన్ని వాళ్లింట్లో ఆగిపోయాను. ఒక్కరోజు ప్రయాణం రెండు రోజులైంది. ‘ఎడ్లబండిలో వచ్చావా?’ అని మా తమ్ముడు రెండు రోజులు ఏడిపించాడు. నాన్న మాత్రం చేతికర్రతో గేటు దాకా వచ్చి నిలబడ్డారు.

మా అత్తయ్యకు మొదటిసారి జరిగింది చాలాకాలం చెప్పలేదు. టైరు బిల్లు చూసి ఆవిడే అడిగింది. చెప్పాను. ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

సంక్రాంతికి మళ్లీ బయల్దేరుతుంటే మాత్రం కళ్లజోడు పెట్టుకుని, క్యాలెండర్ చింపిన కాగితం, పెన్నూ పట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంది.

‘‘యాడ యాడ ఆగుతవో జెప్పు బిడ్డా. రాసుకుంట.’’