మంటలు రాకపోతే?

మొన్న ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మా గదిలో పదకొండు మందిమి ఒక ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చుని ‘మాలపిల్ల’ సినిమా చూశాం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన సినిమా అది. కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. పేరు వినగానే జూనియర్ తమ్ముళ్లు ఇబ్బందిగా నవ్వారు. ఆ పేరు బయట ఎన్నిసార్లు తిట్టుగా విన్నామో మాకందరికీ తెలుసు.

కథ చిన్నదే. గుడి పెత్తనం చేసే శాస్త్రిగారు హరిజనులను గుడిలోకి రానివ్వడు. ఆయన కొడుకు నాగరాజు హరిజన పిల్ల శంపాలతను ప్రేమిస్తాడు. ఇద్దరూ కలకత్తా వెళ్లిపోతారు. చివరికి శాస్త్రిగారి భార్య మంటల్లో చిక్కుకుంటే ఒక హరిజనుడు కాపాడతాడు. దాంతో శాస్త్రిగారి మనసు మారుతుంది. గుడి తలుపులు తెరుచుకుంటాయి. మేం చప్పట్లు కొట్టాం.

అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముడొకడు అడిగాడు: “అన్నా, మంటలు రాకపోతే?”

ఎవరం మాట్లాడలేదు.

అంతకు ముందు వారమే మేం గది కోసం తిరిగి వచ్చాం. పీజీ అయిపోతోంది, గ్రూప్స్‌కు చదువుకోవాలి. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. ఒక ఇంటాయన మా మార్కులు విని “బంగారం లాంటి పిల్లలు” అని కాఫీ కూడా ఇప్పించాడు. తర్వాత ఇంటిపేర్లు అడిగాడు. తర్వాత బంధువులు వస్తున్నారని గుర్తొచ్చింది ఆయనకు. అంటే ఆ మార్కులే మేం ఆర్పిన మంటలు. అవీ చాలలేదు.

1985లో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర. ఆరుగురిని చంపారు. 1991లో చుండూరు గొడవకు ముందు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటాయనకు తగిలింది. తర్వాత ఎనిమిది మందిని చంపారు. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ల ముందే నరికించారు. నాగరాజు, శంపాలతల కథ ఇంకా పాతబడలేదు.

ఆ రోజుల్లో ఇలాంటి సినిమా తీయడానికి గుండె కావాలి. దాన్ని తక్కువ చేయం. కానీ అందులో తలుపు తీసేది శాస్త్రిగారే. తీయాలని ఆయనకు అనిపించేదాకా బయట నిలబడాల్సింది మనం. ఆ సినిమాకు పదకొండేళ్ల ముందు, 1927లో, మహాద్‌లో అంబేడ్కర్ ఎవరి మనసు మారేదాకా ఆగలేదు. వేలమందితో వెళ్లి చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. తర్వాత ఆయన సారథ్యంలో రాసిన రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఎవరినైనా మంటల్లోంచి కాపాడితేనే అన్న షరతు అందులో లేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బాగా చదవండి. అయితే ఎవరి దగ్గరో మంచివాళ్లమని రుజువు చేసుకోవడానికి కాదు, మీకోసం, మీ ఇంటికోసం చదవండి.

మేం మళ్లీ గది వేటకు బయలుదేరాం. ఈసారి గుమ్మంలోనే “సోషల్ వెల్ఫేర్ హాస్టల్ పిల్లలమండీ” అని ముందే చెప్తున్నాం. మూడు ఇళ్లు కాదన్నాయి. నాలుగో ఇంటి అవ్వ అడ్వాన్సు ఎంత ఇస్తారని మాత్రమే అడిగింది.