మామ్లూ గుహయు, దానికి దగిన పైతొడుగును

మేఘాలయ రాష్ట్రమందలి సోహ్రా పట్టణమును మనవారు చిరపుంజి యనియే యెరుగుదురు. 1860 ఆగస్టు మొదలు 1861 జూలై వరకు నచట 26,461 మిల్లీమీటర్ల వర్షము కురిసినదని లెక్క కలదు. అట్టి వాననీరు తరతరములుగా సున్నపురాతిని కరగించి భూగర్భమున దారులు చేసికొన్నది. ఆ దారులే గుహలు. ఖాసీ భాషలో గుహను క్రెమ్ అందురు. సోహ్రా సమీపమున నున్న క్రెమ్ మామ్లూ సుమారు 7 కిలోమీటర్ల పొడవు గలది. అందలి నీటిబొట్లు పొరలుపొరలుగా పేర్చిన యొక శిలను పరీక్షించి, సుమారు 4,200 ఏండ్ల క్రిందట గొప్ప యనావృష్టి కలిగెనని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. 2018లో, నాటినుండి నేటివరకు గల భూచరిత్ర కాలమునకు మేఘాలయ యుగమని పేరిడిరి.

మా యాడుబిడ్డ కుమార్తె భూగర్భశాస్త్రము చదువుచున్నది. ఆమె యుపాధ్యాయులతో నీ గుహకు పోవలసిరాగా, తల్లితోపాటు మేమును శీతకాలమున సోహ్రాకు పోయితిమి. వానకాలమున నీరు చెప్పకయే పొంగును గనుక నప్పుడు గుహాప్రవేశము తగదు.

బయలుదేరుటకు ముందే దుస్తుల చర్చ వచ్చినది. "ఇంట రెయిన్‌కోటు ఉన్నది కదా, ఇంత వెలపెట్టి వేరొకటి యెందులకు?" అని తల్లి యడిగినది. అడుగదగిన ప్రశ్నయే. వీధిలో వాన పైనుండి మాత్రమే వచ్చును. గుహలో రాయి నాలుగువైపులనుండియు వచ్చును. మోకాళ్లతోను మోచేతులతోను ప్రాకవలెను. పలుచని రెయిన్‌కోటు కొంతసేపటికే చినుగును. పిమ్మట లోని నూలుబట్ట తడిసి యొంటి కంటుకొనును. నీరు గాలికంటె సుమారు ఇరువదియైదు రెట్లు వేగముగా దేహపు వేడిని లాగును. ఇరుకుదారిలో ముందువారికొరకు కదలక నిలిచినవేళ వణకు పుట్టి, వ్రేళ్లు కొంకరపోయి, పట్టు తప్పును. బిడ్డను పంపు తల్లి యోచింపవలసినది వెలకంటె ముందిదియే.

ఈ పైతొడుగులు ముఖ్యముగా రెండు తెగలు. పి.వి.సి. పూత పూసిన దళసరి బట్టతో జేసినది మొదటిది. నీరు చొరనీయదు, బురద యంటినను సులభముగా కడుగబడును. కాని బరువు, లోపల చెమట నిలుచును. ఇంగ్లండులోని యార్క్‌షైరు వంటి చలిగుహలకు తగినది. రెండవది కార్డురా యను ముతక నైలాను నేత. లోవైపున పూత యుండును. తేలిక, రాపిడి కోర్చును, త్వరగా నారును. పూత మాత్రము కొన్నాళ్లకు సడలును. మామ్లూ అంత చలిగుహ కాదు. చెమటతో తడిసినను తడియే కదా యని మేము కార్డురాను మెచ్చితిమి. లోపలికి నూలు కాక పలుచని పాలియెస్టరు చొక్కా కొంటిమి.

కొనునపుడు రంగు చూడరాదు. మోకాళ్లు, మోచేతులు, పిరుదులవద్ద రెండవ పొర యున్నదా, కుట్లపై లోపల పట్టీ యంటించిరా, జిప్పుపై రెక్క కలదా చూడవలెను. తొడిగి గొంతుకూర్చుండి, చేతులు పైకెత్తవలెను. అప్పుడు నడుమున బిగియరాదు. మిక్కిలి వదులైనచో రాళ్లకు తగుల్కొనును. స్త్రీల కింకొక చిక్కు కలదు: ఒంటితొడుగును కాలకృత్యములకై పూర్తిగా విప్పవలెను, లోపలికి పోకమునుపే యా యేర్పాటు చూచుకొనుట మేలు. నడుమువరకు నీరున్నచోట నే పైతొడుగును నీటి నాపజాలదు. ఈదవలసిన గుహలకు నియోప్రీను దుస్తులు వేరుగా గలవు.

మన బెలుము గుహల కీ సన్నాహ మక్కరలేదు. 3,229 మీటర్ల యా గుహలలో యాత్రికులు నడచు భాగమున దారియు దీపములును గలవు, ఉక్కయే యెక్కువ. అచట వదులైన నూలుబట్టయు, జారని చెప్పులును చాలును.

సాయంకాలము పిల్ల బురదముద్దయై తిరిగివచ్చినది. తల్లి మాటాడకయే మొదట దాని చేతులు పట్టి చూచినది, వెచ్చగా నున్నవి. పిమ్మట తొడుగు విప్పించి, మోకాళ్లను వెలుగున కెత్తి పరీక్షించినది. గీతలేగాని చినుగు లేదు. వేడినీరు పూతను చెరచునని చెప్పగా చన్నీళ్ల బాల్చీలో ముంచి, మెత్తని బ్రష్షుతో తోమి, జిప్పుపండ్లలోని మట్టిని పుల్లతో తానే తీసి నీడ నారవేసినది.