అమ్మ కూర్చునే ఎత్తు

మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో మాకు ప్రొడక్ట్ డిజైన్ అని ఒక ఎలక్టివ్ ఉంటుంది. "మార్కులు ఈజీగా వస్తయట" అని సీనియర్లు చెప్తే తీసుకున్నా. మొదటి క్లాసులోనే సార్ పని చెప్పేశారు. పన్నెండు వారాలు, నలుగురి టీమ్, ఒక మనిషి కూర్చునే వస్తువు. డ్రాయింగ్ ఇస్తే సగం మార్కులే. ఆ మనిషి వచ్చి దాని మీద కూర్చోవాలి.

హాస్టల్‌కు మడత కుర్చీ అన్నాడు ఒకడు, లైబ్రరీకి బెంచీ అన్నాడు ఇంకొకడు. నేను "ఇంటి దగ్గర కూర్చుని పనిచేసే ఆడవాళ్లకు కుర్చీ" అన్నాను. అందరూ సరే అన్నారు. యూజర్ వివరాల ఫారంలో వయసు 44, ఎత్తు 5 అడుగులు, వృత్తి 'గృహ ఆధారిత కార్మికురాలు' అని నింపాను. ఆమె ఎవరో మాత్రం టీమ్‌కు చెప్పలేదు.

ఆమె మా అమ్మ. కోరుట్ల దగ్గర మా ఊళ్లో ఇరవై రెండేళ్లుగా బీడీలు చేస్తుంది. స్కూల్ నుంచి ఇప్పటిదాకా ఏ ఫారంలోనైనా తల్లి వృత్తి దగ్గర 'గృహిణి' అనే రాస్తూ వచ్చాను.

మన కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లకు ఈ పని గురించి చెప్పనక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం చెప్తున్నా. తునికాకును తడిపి, రేకు ముక్క పెట్టి ఆ సైజుకు కత్తిరించాలి. ఒడిలో చాట, చాటలో తంబాకు. ఆకులో తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. రోజూ కొన్ని వందల సార్లు ఇదే. నేల మీద, ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, మెడ వంచి. రాత్రి అయ్యేసరికి "నడుము గుంజుతంది" అంటుంది. ఆ మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా. వాన పడుతుంది అన్నట్టు విన్నానంతే.

మా మొదటి డిజైన్ చూడ్డానికి బాగుండేది. సీటు ఎత్తు 17 అంగుళాలు, వెనక ఒంపు తిరిగిన ఆనుడు, పక్కన ట్రే. కంప్యూటర్‌లో మోడల్ చేసి, టేకు రంగు వేసి రివ్యూలో పెట్టాం. సార్ ఒక్కటే అడిగారు, "ఈ 17 ఎవరి కొలత?" నెట్‌లో దొరికిందన్నాం. ఆయన లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెప్పించి మా ముందు పెట్టారు. దేబ్‌కుమార్ చక్రవర్తి చేసిన భారతీయుల శరీర కొలతల పుస్తకం, 1997లో ఎన్‌ఐడీ వేసింది. నేల మీద కూర్చునే భంగిమల కొలతలు కూడా అందులో ఉన్నాయి. కానీ సార్, "ఇది కూడా తర్వాతే చూడండి. ముందు ఆమె దగ్గరికి వెళ్లండి" అన్నారు.

ఆదివారం టేపు, ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని నేనొక్కడినే ఇంటికి పోయాను. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, చాట ఒడిలో పెట్టాను. రెండు నిమిషాలు చేసి దిగింది.

"గీ ఎత్తు మీద చాట యాడ ఆగుతదిరా? ఆకు కింద, దారం కింద, నేను మీద. వంగుడే సరిపోతది."

మంచి పాయింటే అని రాసుకుంటున్నా. కాసేపాగి ఇంకో మాట అంది.

"అయినా అందరు కింద కూసుంటే నేనొక్కదాన్నే కుర్సీల కూసోవాల్నా? దొరసాని లెక్క."

మధ్యాహ్నం అయితే మా వాకిట్లోకి ఇంకో నలుగురు వస్తారు. చాటలు పెట్టుకుని, మాట్లాడుకుంటూ చేస్తారు. వాళ్ల తలలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. మా ఫారంలో ఈ కొలతకు గడి లేదు.

ఆ రోజు కుర్చీ ఆలోచన వదిలేశాం. నేల మీదే ఏం చేయొచ్చో చూశాను. పాత పేపర్లు దొంతర పెట్టి, దాని మీద దుప్పటి మడిచి వేశాను. రెండు అంగుళాలు, మూడు, నాలుగు. పేపర్లు కాబట్టి కొద్దికొద్దిగా పెంచొచ్చు, తగ్గించొచ్చు. ఐదు అంగుళాల దగ్గర "గిది ఉండనీ" అంది. కారణం తర్వాత చదివితే తెలిసింది. కాళ్లు చాపి నేల మీద కూర్చుంటే తొడ వెనక కండరాలు కటి ఎముకను వెనక్కి లాగుతాయి, నడుము గూనిలా వంగుతుంది. పిరుదుల కింద కొంచెం ఎత్తు ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది. బెడ్‌షీట్ చుట్టచుట్టి గోడకు, ఆమె నడుముకు మధ్య పెట్టి, పైకీ కిందకీ జరిపాను. సీటు నుంచి 7 అంగుళాల మీద ఆగింది. మా డిజైన్‌లో ఆనుడు 16 అంగుళాలు. అంత ఎత్తుంటే భుజాలకు అడ్డమొచ్చి చెయ్యి ఆడదు.

చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఇచ్చిన ఇండియా రిపోర్ట్ గురించి క్లాసులో విన్నాం. కుర్చీలకు పేరు పొందిన ఆ ఇద్దరూ అందులో బాగా మెచ్చుకున్నది మన చెంబును. ఎంత నీళ్లు పడతాయి, చంకన ఎలా ఆగుతుంది, ఎలా ఒంపుతారు అని ప్రశ్నలు వేసుకుంటూ పోయారు. పరీక్షకు అది బట్టీ పట్టాను. పేపర్ల దొంతర ముందు కూర్చున్నప్పుడు గానీ అర్థం కాలేదు.

తర్వాత కర్ర. ఎవరైనా ఒంటి చేత్తో జరుపుకునేలా తేలిగ్గా ఉండాలి. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర చాలా తేలికని తెలిసి, ఆర్మూర్ మీదుగా బస్సెక్కి నిర్మల్ వెళ్లాం. అక్కడ ఒక బొమ్మల పెద్దాయన మా డ్రాయింగ్ చూసి నవ్వాడు. పొనికి ముక్కను గోటితో నొక్కి చూపించాడు, గాటు పడింది. "గిది బొమ్మలకే బిడ్డా. మనిషి బరువు మోయదు." బొమ్మకు చేతులు, కాళ్లు అతికించడానికి చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి వాడతారని కూడా చూపించాడు. ఆ చోట అతుకు ఎక్కడుందో కనిపించదు. 

చివరికి టేకే. కొత్తది కొనే స్తోమత లేదు. కరీంనగర్‌లో ఒక పాత ఇల్లు పడగొట్టిన చోట దర్వాజ చెక్కలు దొరికాయి. ఆదిలాబాద్ అడవుల్లో టేకు, తునికి పక్కపక్కనే పెరుగుతాయి. తునికి ఎబొనీ జాతి చెట్టు, ముదిరితే లోపల నల్లటి చేవ ఉంటుంది. మా ఇంట్లో ఆ చెట్టుది ఆకు తప్ప ఇంకేం చూడలేదు నేను.

మొదటి ప్రోటోటైప్ నేనే పగలగొట్టాను. చెక్క కొసకు దగ్గరగా స్క్రూ బిగిస్తే రేఖ వెంబడే చీలింది. మాకు చెక్కలు కోసిచ్చిన వడ్లాయన స్క్రూలన్నీ తీయించాడు. ఒక చెక్కకు బెజ్జం కొట్టి, ఇంకో చెక్క కొసను సన్నగా చెక్కి దాన్లో దిగ్గొట్టడం నేర్పించాడు. నాలుగు బెజ్జాలకు నాకు రెండు రోజులు పట్టింది. సీటుకు పలక బదులు నవారు అల్లాం. బరువు తగ్గింది, మెత్తగా కూడా ఉంది.

ఫైనల్ రివ్యూకు అమ్మను తీసుకెళ్లాను. ముందు రోజు రాత్రి టీమ్‌కు చెప్పాను. ఒకడు, "మా అమ్మమ్మ కూడా చేసేదిరా, ముందే చెప్తే మా ఇంటికీ పోయేవాళ్లం కదా" అన్నాడు. ఇన్నేళ్లు నేను దాచింది వాడి ఇంట్లోనూ ఉందన్నమాట. అమ్మ స్టూడియోలో నేల మీద మా పీట వేసుకుని, చాట ఒడిలో పెట్టుకుని, అందరి ముందు బీడీలు చుట్టింది. సార్ కూడా వచ్చి నేల మీదే కూర్చుని చూశారు. నడుముకు ఎట్లుందని అడిగితే, "మంచిగనే ఉంది సార్. కాని పొద్దంత కూసోలేను, నడుమ నడుమ గోడకు ఒరుగుత" అంది. ఆ మాట రిపోర్టులో అలాగే రాశాం.

ఇప్పుడు పీట మా వాకిట్లో ఉంది. మొన్న పక్కింటి అత్త దాని మీద కూర్చుని చూసి, ఎంతయిందని అడిగింది. పాత చెక్క, నవారు, వడ్లాయన కూలి అన్నీ కలిపి 1,860 రూపాయలు. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి, "పది దినాల బీడీలు" అంది. అత్త లేచి, పీటను గోడకు ఆనించి, పక్కన నేల మీద కూర్చుంది.

మా రిపోర్టులో ధర ఆఖరి పేజీలో ఒక లైను మాత్రమే. వచ్చే సెమిస్టర్ అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. ఈసారి వెదురుతో, మూడు దినాల బీడీల్లో.